తులసి తీర్థం వద్దన్న పిల్లి

పోయినేడు మా పిల్లి రాజమ్మకు కిడ్నీలు పాడైపోయినాయి. "బాధపడకుండా పోయేట్టు ఇంజెక్షన్ ఇచ్చేద్దాం, సాయంత్రం తీసుకురాండి" అన్నాడు పశువుల డాక్టరు. నేను ఏడుస్తానే ఒప్పుకున్నాను.

మా అత్త మాత్రం దాన్ని మనిషిలాగే చాప మీద పడుకోబెట్టి, వీధంతటినీ చివరి చూపుకు పిలిచింది. నోట్లో తులసి తీర్థం పోస్తే, రాజమ్మ అత్త మొహాన తుమ్మింది. అంతలో చేపలమ్మే కోటమ్మక్క వచ్చి, నెత్తిన గంప దించకుండానే ఏడవడానికి వంగింది. గంపలోని నెత్తళ్ల చేపలన్నీ జారి రాజమ్మ మీద పడినాయి. నాలుగు రోజులుగా ముద్ద ముట్టని పిల్లి రెండు చేపలు తినేసింది.

అత్త డాక్టరుకు ఫోన్ చేసి, "ఈ పొద్దు కుదరదు సార్, అది భోంచేస్తా ఉండాది" అనింది.

తొమ్మిది రోజుల తర్వాత రాజమ్మ అత్త ఒళ్లోనే కన్నుమూసింది. దానికేం కావాలో మేమెవరమూ ముందు ఆలోచించలేదని నాకిప్పటికీ సిగ్గే. అత్త దాని నోట్లో వేసిన చివరి చుక్క నెత్తళ్ల పులుసు.