ఎర్ర శ్రీకారం

కాలేజీ రోజుల్లో స్నేహితుల హెల్మెట్ల మీద మంటలు, పులులు వేసేదాన్ని. ఉద్యోగంలో చేరాక, గాలితో రంగు చిమ్మే ఆ ఎయిర్ బ్రష్ మళ్లీ ముట్టుకోనేలేదు; పన్నెండేళ్లయింది. పాతది తుప్పు పట్టింది. కొత్తది ఎంచుకోవడానికి మూడు వారాలు రివ్యూలు చదివి, అలవాటు చొప్పున ఎక్సెల్ షీటు కూడా తయారుచేశాను. చివరికి ఒకరోజు లంచ్ మానేసి, గచ్చిబౌలిలో బైక్ ట్యాక్సీ ఎక్కి మూసాపేటలో రంగుల దుకాణానికి పరుగెత్తాను.

నా షీటులో మొదటి ర్యాంకు వచ్చినదాంట్లో దుకాణదారు ఎర్ర రంగు పోసి చేతికిచ్చాడు. కొత్త పెన్ను కొన్నా ముందు రాసి చూసేది శ్రీయే కదా! అట్టముక్క పట్టుకుని శ్రీ మొదలుపెట్టాను. మీట నొక్కితే గాలి తప్ప రంగు రాలేదు.

"ఇది పాడైంది," అన్నాను కోపంగా.

"పాడు గాలే మేడం. ఒత్తితే గాలే వస్తది, ఎనకకు గుంజితెనే రంగు. జర గుంజుండ్రి."

నా పాతదానికి నొక్కడం ఒక్కటే తెలుసు. కసికొద్దీ గుంజాను. శ్రీ కాస్తా గుమ్మడికాయంత ఉబ్బింది. అట్ట పట్టుకున్న వేళ్లన్నీ ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకోలేక, "ఇదే ఇచ్చేయండి" అన్నాను.

ఆఫీసు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం నన్ను ససేమిరా గుర్తుపట్టలేదు. మూడుసార్లు పెట్టి చూశాను. సెక్యూరిటీ ఆయన జాలిపడి, "పరేషాన్ గాకుండ్రి మేడం, సబ్బుతోని కడిగితే పోతది," అన్నాడు.

"అమ్మో, పోతుందా?" అని చెయ్యి వెనక్కి దాచుకున్నాను.