గుండ్రంగా పెట్టిన సంతకాలు

స్టాంపు ప్యాడు మూత తీయగానే వచ్చే సిరా వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా వాడకట్టు ఆడవాళ్ళు నల్లా నీళ్ళ కోసం మండలాఫీసుకు నాతో అర్జీ రాయించుకోవడానికి వచ్చి, వేలిముద్రలకని ప్యాడు తెరిచారు. అంతే, నా మనసు ఒమన్ దేశంలో, ఘాలాలోని లేబర్ క్యాంపుకు వెళ్ళిపోయింది. ఆ వాసనలో నాకు ప్రకాశం సారు కనిపిస్తారు.

ఎనభైల చివర్లో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి ఒమన్ వెళ్ళి, ఒక కంపెనీ సైటులో ఇనుప చువ్వలు కట్టే పనిలో చేరాను. ప్రకాశం సారు మా స్టోర్ కీపర్. నర్సాపురం వైపు మిషన్ స్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. భార్య గ్రేసమ్మగారికి ఒమన్‌లోనే ఇబ్రి అనే ఊరి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే, ఆమెకు దగ్గరగా ఉండొచ్చని బడి మానేసి, మా స్టోరులో మేకులు తూచే పనికి ఒప్పుకున్నారు. శుక్రవారం మాకు సెలవు. నెలకు రెండు శుక్రవారాలు ఇబ్రి వెళ్ళివచ్చేవారు. ఆ రెండు శుక్రవారాల కోసమే ఆయన ఆ దేశంలో ఉన్నారని క్యాంపంతటికీ తెలుసు.

డ్యూటీ అయ్యాక స్టోరు మెట్ల మీద కూర్చోబెట్టి నాకు ఇంగ్లీషు నేర్పేవారు. నేను పది తప్పినవాణ్ణి. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా చరిత్ర పాఠాల్లోదే కాబట్టి నాకూ అదే అబ్బింది.

“అమెరికా వాళ్ళు ఇంగ్లండు మీద ఎందుకు తిరగబడ్డారో చెప్పు?” అన్నారొకసారి.

“స్వతంత్రం గావాలె గద సార్, అందుకే గావచ్చు.”

“కాదోయ్. మొదట వాళ్ళడిగింది స్వతంత్రం కాదు. మేమూ ఇంగ్లీషువాళ్ళమే, మా తాతలకు రాసిచ్చిన హక్కులే మాకూ ఇవ్వండన్నారు. అంతే!”

ఎన్నో వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు దొరలు రాజుచేత ముద్ర వేయించుకున్న కాగితం గురించి చెప్పారు. తమనడగకుండా పన్ను వేయకూడదని అందులో ఉందట. తర్వాత పార్లమెంటు ఇంకో కాగితం రాయించిందట, రాజుకు అర్జీ పెట్టుకున్నవాణ్ణి జైల్లో వేయకూడదని. అమెరికా చేరినవాళ్ళు ఆ మాటలు మరిచిపోలేదు. అడగకుండా పన్ను వేసేసరికి తాతల కాగితాలే బయటికి తీశారు. అర్జీ మీద అర్జీ రాశారు. చివరిదాన్ని రాజు అందుకోనైనా లేదు. “సముద్రం దాటినంత మాత్రాన కాగితం చెల్లకుండా పోతుందా?” అని సారు నన్ను నిలదీసేవారు, ఆ రాజు నేనే అయినట్టు!

మా కాగితమూ అలాగే చెల్లకుండా పోయింది. రెండేళ్ళకోసారి సెలవని బొంబాయిలో ఒప్పందం రాయించుకున్న కంపెనీ, ఇకమీదట మూడేళ్ళకోసారేనని మెస్సు గోడకు నోటీసు అంటించింది. నా పక్క మంచం మల్లేశం ఒమన్ వచ్చాక పుట్టిన బిడ్డను ఇంకా చూడనే లేదు. ఆ నోటీసు ముందే కూలబడి ఏడ్చాడు.

“కొత్తగా ఏమీ అడగొద్దు. వాళ్ళు రాసిందే వాళ్ళకు చూపిద్దాం,” అన్నారు సారు. ఇంగ్లీషులో అర్జీ రాశారు. కింద అన్నం పళ్ళెం బోర్లించి చుట్టూ గీత గీశారు. “పూర్వం ఇంగ్లీషు ఓడ కళాసులు ఇలాగే గుండ్రంగా సంతకాలు పెట్టేవారు. ముందెవరో, వెనకెవరో తెలియదు. ఎవణ్ణీ విడిగా పట్టుకోలేరు.” వలయంలో కింది వైపు చిన్న అక్షరాలతో తన పేరు రాసి, అందరివీ తీసుకుని శనివారం పొద్దున ఆఫీసులో ఇమ్మని నాకు చెప్పి, గురువారం సాయంత్రమే ఇబ్రి బస్సెక్కారు.

శుక్రవారమంతా రూము రూముకీ తిరిగాను. నలభై సంతకాలు, వేలిముద్రలు నిండాయి. తీరా చూస్తే సారు పేరు అందరి కాళ్ళ కింద పడ్డట్టు కనిపించింది. మల్లేశం కూడా, “గదేంది, పెద్దసారు పేరు అడుగున? మంచిగ లేదన్నా, అందరికన్న మీద రాయరాదూ,” అన్నాడు. మా వైపు శుభలేఖైనా, కరపత్రమైనా పెద్దల పేరుతోనే మొదలవుతుంది. నేను మురిసిపోతూ, అన్నిటికన్నా పైన, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ‘శ్రీ ప్రకాశం సారు గారి నాయకత్వంలో’ అని రాసి, కింద గీత కూడా కొట్టాను. నాయకత్వమన్న ఇంగ్లీషు మాట నాకు నేర్పింది ఆయనే, అమెరికా సేనల పాఠం చెబుతూ. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

శనివారం పొద్దున అర్జీ ఆఫీసులో ఇచ్చాను. సారు బస్సు దిగేసరికి ఆయనకు పిలుపొచ్చింది. నన్నూ పిలిచారు. మేనేజరు ఆ పై వాక్యం మీద వేలు పెట్టి, “లీడర్ కౌన్ హై?” అన్నాడు. సారు చదివారు. ఒక్కసారి నా వంక చూశారు. నేను రాశానని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

“మై హూఁ,” అన్నారు సారు.

రెండు రోజుల్లో ఇంటికి పొమ్మని సారు చేతిలో టికెట్ పెట్టారు. కంపెనీ బస్సు దగ్గర ఆయన చేతులు పట్టుకుని, “సార్, నేను లోపటికి వొయ్యి చెప్త,” అని ఏడ్చాను.

“చెబితే ఇద్దరం పోతాం. ఊరుకో. వాక్యం తప్పు లేకుండానే రాశావురా.” సంచి భుజాన వేసుకుని, “గ్రేసుకి ఒకసారి కనిపించి చెప్పు. నన్ను వెళ్ళనివ్వలేదు,” అన్నారు.

ఆ వచ్చే శుక్రవారం ఇబ్రి వెళ్ళాను. గ్రేసమ్మగారు యూనిఫాంలోనే బయటికి వచ్చారు. నేను చేసిందంతా చెప్పేశాను. “ఆయన నిన్ను కోప్పడ్డారా?” అని అడిగారు. లేదన్నాను. “మరి నేనేం అంటాను బాబూ,” అని లోపలికి వెళ్ళి రొయ్యల పచ్చడి సీసా తెచ్చారు. “ఆయనకని పెట్టాను. నువ్వు తీసుకెళ్ళు.” నన్ను కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

కొన్ని నెలలకు కంపెనీ వెనక్కి తగ్గి ఆ నోటీసు చింపేసింది. మల్లేశం బిడ్డను ఎత్తుకోవడానికి వెళ్ళాడు. నా వంతు సెలవు రాగానే నేను ఇంటికన్నా ముందు నర్సాపురం వెళ్ళాను. బడి కాపలాదారు నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్ళాడు. నిద్రలోనే పోయారట, నాలుగు నెలల కిందట. గ్రేసమ్మగారికి అప్పటికి సెలవు దొరకలేదు. మా సెలవు మాకు ఇప్పించిన మనిషిని ఆయన భార్య కడసారి చూసుకోలేకపోయారు. నా వల్లే.

మొన్న అర్జీ రాశాక పళ్ళెం బోర్లించి గీత గీశాను. “గీడ పెద్దమనిషివి నువ్వే గద, నీ పేరు అందరికన్న మీద రాయి,” అంది ఒకామె. నా పేరు కింద రాశాను, సారు రాసుకున్న చోటే. పైన ఎవరి పేరూ రాయనివ్వలేదు.