కారం చేతుల్లో విల్లు

సెలక్షన్లు నాలుగు రోజులున్నాయనగా నా బాణం వంకర పోవడం మొదలైంది. కాంపౌండ్ విల్లంటే రెండు చివర్లా చక్రాలుండే యంత్రం. అన్నీ సరిగ్గా కుదిరితే బాణం తిన్నగా పోవాలి. నాది తోక ఊపుకుంటూ పోయేది. ఈసారి జిల్లా జట్టులోకి రాకపోతే ఆట మానేసి రోజూ కూలికొస్తానని అమ్మకి మాటిచ్చేశాను. తొందరపాటు నోరు నాది!

నేర్పేది మా స్కూలు పీఈటీ సారు, పత్తి మిల్లు వెనక ఖాళీ స్థలంలో. విల్లు కూడా ఆయనదే. చెక్క చట్రానికి న్యూస్‌పేపర్ బిగించి, దాన్లోంచి నాచేత బాణం వేయించారు. బాణం తిన్నగా పోతే కాగితానికి గుండ్రటి చిల్లు పడాలి. నాకేమో అడ్డంగా బెత్తెడు చీలిక. సారు బాణం ఆనే రెస్ట్‌ని వెంట్రుకవాసి జరిపారు. మళ్ళీ చీలికే. తాడు మీద బాణం తగిలించే చోటు మార్చారు. ఈకలు ఎక్కడైనా రాసుకుంటున్నాయేమోనని పౌడర్ చల్లి చూశారు. మూడు రోజులు ఎండలో నిలబడి, "దీని దుంప తెగ, దీనికేం పొయ్యేకాలమొచ్చింది!" అని విల్లుని తిట్టారు. నేను పక్కనే నిలబడి తలూపాను, సిగ్గు లేకుండా.

మూడో రోజు విసుగొచ్చి, అన్నీ మొదటి చోటికే తెచ్చి, విల్లు ఆయనే అందుకున్నారు. ఒక్క బాణం వేశారు. గుండ్రటి చిల్లు! నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

"విల్లు బాగానే ఉందే. ఏదీ, నీ చెయ్యి చూపియ్యి," అన్నారు.

చూపించక తప్పలేదు. ఆ వారమే మిరపకోతలు మొదలయ్యాయి. పొద్దున్నే అమ్మతో కోతకి పోయొచ్చి, అరచేతుల మంటకి కొబ్బరినూనె పట్టించి, అలాగే గ్రౌండుకి వచ్చేదాన్ని. నూనెకి పిడి జారుతుందని పిడికిలి బిగించేదాన్ని. బిగిస్తే విల్లు మెలిపడి బాణం తోక పక్కకి పోతుంది. కూలికి పోతున్నానని తెలిస్తే జాలిపడతారని దాచాను.

"మూడ్రోజులు పాపం దాన్ని తిట్టిచ్చావు కదే! నోరు పడిపోయిందా నీకు?" అని అరిచారు. ఆ అరిచిన మనిషే బకెట్‌తో నీళ్ళూ సబ్బూ తెచ్చి ముందు పెట్టారు. "గట్టిగా పట్టుకోమాక. ఊరికే ఆనించు," అన్నారు. విల్లు కింద పడకుండా పిడి ముందు నుంచి నా వేళ్ళకి బూటు లేసు కట్టారు. బాణం వదిలాను. గుండ్రటి చిల్లు పడింది. జాలి మాట ఒక్కటి కూడా అనలేదాయన. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పారు. అమ్మ నామీద విరుచుకుపడింది. "సెలక్షన్లయ్యేదాకా చేలో అడుగుపెట్టావంటే కాళ్ళిరగ్గొడతా!"

జట్టులో నా పేరు చదివిన మధ్యాహ్నం ఫోన్ చేశాను. అమ్మ మిరపచేలో ఉంది. కూలీలకి నీళ్ళు పోసే ఆవిడ ఫోనెత్తి అమ్మ చెవి దగ్గర పెట్టింది.

"వచ్చానమ్మా," అన్నాను.

అమ్మ గొంతు వినపడింది, నాతో కాదు, ఆవిడతో.

"ఒసేయ్, నీ కొంగుతో కాస్త నా కళ్ళు తుడవ్వే. నా చేతులన్నీ కారం."