ఏటికి ముందు నడిచొచ్చిన బండి

నీ ఫోన్‌లో ఆ నీలం గీత చూపించి, ఇదే కదా అవ్వా మీ ఏరు అన్నావు. గీత సరిగ్గానే ఉందిలే, రంగే తప్పు. ఏడాదిలో ముప్పాతిక భాగం మా ఏట్లో చుక్క నీళ్ళు పైకి కనిపించవు. అంతా ఇసకే. పట్నంలో ఈ పెరంబూరుకు వచ్చి ఇన్నేళ్ళయినా, ఏరు అనగానే నాకు ముందు అరికాళ్ళు చురుక్కుమంటాయి. రాసుకుంటున్నావా? మెల్లగానే చెప్తాను.

నగరి కొండల్లో పుడుతుంది. తూర్పుకు దిగి, మా పుట్టినూరు దాటి, వంకర్లు తిరిగి మా అత్తగారి ఊరికి వస్తుంది. ఆ పైన ఎక్కడో ఎన్నూరు దగ్గర సముద్రంలో పడుతుంది. ఒక గట్టున వరి, ఇంకో గట్టున చెనక్కాయలు, మలుపుల్లో సరుగుడు తోపులు. నీళ్ళుండేది ఇసక కింద. పొడుగ్గా కాలవ తవ్వితే ఊట చేరి మడికి పారుతుంది. వానలకు ఏరొచ్చి ఆ కాలవను పూడ్చేస్తుంది, ఏరు పోయాక ఊరంతా మళ్ళీ తవ్వుకోవాలి. దానికెవరూ ఏటిని తిట్టరు. ఏరు రాకపోతే ఊటే లేదు కదా.

ఇంకో సంగతి. ఎండిన ఏరే మాకు రోడ్డు. గట్టు మీది బాటంతా గుంతలూ రాళ్ళూ. ఏట్లో ఎద్దులకు కష్టమే గానీ, బండిలో కూర్చున్నవాళ్ళకు ఉయ్యాలే. నిండు నెలల మనిషిని ఏట్లోనే తీసుకుపోయేవాళ్ళు.

మీ నాన్న కడుపులో ఉన్నాడు. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి. మా అన్నకు జ్వరమొచ్చి బండి రావడం ఆలస్యమైంది. నాకు తొమ్మిదో నెల వచ్చేసింది, పడమట మబ్బు పట్టేసింది. ఊరంతా ఏరు రావాలని మొక్కుతుంటే, నేనొక్కదాన్నే పెరట్లో నిలబడి, కాస్త ఆగు తల్లీ, మా అన్న రానీ అని మొక్కుకున్నాను. ఏరొస్తే దారి మూసుకుపోతుంది మరి.

మా అత్త చూడనే చూసింది.

"ఏమ్మే, మబ్బును జూసి ఏడస్తా ఉండావా? ఆడ నారు ఎండిపోతా ఉంది, తెలుసునా?"

"నాకు మా అమ్మ కావాల అత్తా."

ఆమె కూడా ఒకసారి మబ్బు వంక చూసి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఏరొస్తోందని కేక. నువ్వు సినిమాలో వరదలాగా అనుకోకు. మొదటి నీళ్ళు ఉరికి రావు, నడిచి వస్తాయి. ఇసక దాహం తీరేదాకా వాటిని కదలనివ్వదు. ముందు ఎండుటాకులు, నురగ, వెనక ఎర్రనీళ్ళు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకుని పరుగెత్తారు. నేను నడుం పట్టుకుని వాళ్ళ వెనక పోయాను.

చూస్తే, మలుపులో ఏటికి ముందు ఒక బండి! తోలేది మా అన్న. బరువు తగ్గాలని చీర ఎగదోపుకుని, చక్రం పక్కన నడుస్తోంది మా అమ్మ.

"తోలరా, బిరీన తోలు! కొంగు పట్టుకున్నట్టు ఎనకాలే వస్తా ఉంది!"

రొప్పుతూ గట్టెక్కింది. "కొండమింద వాన జూసినా. ఇంక నిన్ను తీసకపోయే పని గాదని నేనే వచ్చేసినా అమ్మణ్ణీ." ఆ మాట పూర్తయ్యేలోపు వాళ్ళ చక్రాల గాడి నీళ్ళలో కలిసిపోయింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆమె అత్తగారింట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా వాళ్ళ ఆచారం. బియ్యం, శొంఠి, మిరియాలు అన్నీ బండిలో తెచ్చుకుంది అమ్మ. నీళ్ళెక్కడి నుంచి తెస్తుంది? బావి ఉన్నది మా అత్త పెరట్లోనే. అరుగు మీద కూర్చుంది, పెదాలు ఎండిపోయాయి, అత్త ఇచ్చిన చెంబు ముట్టలేదు.

"కాన్పు జేసేదానికి వచ్చి నువ్వే పడిపోతే, నేనెవురికి జెయ్యాల వదినా?"

"ఆచారం వదినా, ఏం జెయ్యమంటావు?"

మా అన్న ఎద్దుల దగ్గర నుంచే అన్నాడు. "నీళ్ళు గూడా తాగని ఇంట్లో ఎన్నాళ్ళుంటావు? గట్టుబాటన పోదాం, పా అమ్మా."

 అమ్మ లేవబోయింది.

మా అత్త కుండ తీసుకుని గబగబా ఏట్లోకి దిగింది. ఎర్రనీళ్ళు ముంచి తెచ్చి, నీళ్ళు తేరేదానికి చిల్లగింజ అరగదీసి కలిపి, అరుగు మీద పెట్టింది. మడ్డి అడుగుకు దిగేదాకా అందరం ఆ కుండ వంకే చూశాం. అప్పుడు తేరిన నీళ్ళు చెంబులోకి వంచి మా అమ్మ ముందు పెట్టింది.

"ఇవి మా ఇంటి నీళ్ళు గాదు. మీ ఊరు దాటి నీ ఎనకాలే వచ్చినాయి, నువ్వే జూసినావు గదా. నీ నీళ్ళు నువ్వు తాగు."

మా అమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఫక్కున నవ్వింది. గటగటా తాగింది. మా అన్న ఖాళీ బండి తోలుకుని పోయాడు.

పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, ఆ ఏటినీళ్ళతోనే వండుకు తినేది అమ్మ. ఆ వారంలోనే మీ నాన్న పుట్టాడు. నా తల దగ్గర మా అమ్మ, కాళ్ళ దగ్గర మంత్రసాని, ఇద్దరికీ వేన్నీళ్ళు అందిస్తూ మా అత్త. వాడు ఏడవగానే అత్త వంటింట్లోకి పోయి, కంచంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది.

"ఇప్పుడన్నా తింటావా?"

అమ్మ చేతులు కడుక్కుని గడపలోనే కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు రవ్వంత తక్కవ వదినా."

"అట్టనా? ఇన్నాళ్ళూ ఈడ ఒక్కరన్నా జెప్పలేదే!"

ఇద్దరూ ఉప్పు గురించి మాట్లాడుకుంటుంటే, వింటూ వింటూ నేను నిద్రపోయాను.