సుగుణమ్మ గారి చెయ్యి వెనకబడలేదు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నాలుగు మాటల అబద్ధం. నా పేరుతో మీకు పనిలేదు, విషయం వినండి.

బెంజ్ సర్కిల్ దగ్గర మా చిన్న ఆఫీసులో పాటకు తోడు వాయించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ఒకరు కీబోర్డ్ వాయిస్తే చాలు, డ్రమ్స్ కంప్యూటరే అందుకుంటుంది. ఏ కీ ఎప్పుడు నొక్కారో, ఎప్పుడు వదిలారో కంప్యూటర్‌కు చేరవేసే పద్ధతిని మిడి అంటారు. ఆ భాగం రాసింది నేనే. తయారైందో లేదో, ఉయ్యూరులో మా చర్చికి పట్టుకెళ్ళాను. గొప్పకు పోయాననే అనుకోండి.

అక్కడ ఇరవై ఏళ్ళుగా సుగుణమ్మ గారు కీబోర్డ్ వాయిస్తున్నారు. మా సంఘం ప్రతి చరణం చివరా ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసి పాడుతుంది. ముసలివాళ్ళు కూడా ముగించేదాకా ఆవిడ కీల మీద చేతులు అలాగే ఉంచి ఆగుతారు. నా డ్రమ్స్ ఆగలేదు. ముందుకు ఉరికాయి. ఆవిడ చివరిదాకా వాయించినా పాట చెల్లాచెదురైంది. పిల్లలు పకపకా నవ్వారు.

"ఏంటమ్మా, మిషన్‌లో తేడానా?" అని పాస్టరు గారు అడిగారు.

"మిషన్ బానే ఉందండీ. ఆంటీ గారి చెయ్యే వెనకబడుతోంది."

సుగుణమ్మ గారు తన చేతుల వంక చూసుకున్నారు. "వయసొచ్చిందేమోలేమ్మా," అన్నారు. మళ్ళీ కీబోర్డ్ ముట్టలేదు.

అప్పుడే నాకు తెలుసా? తెలుసు. నొక్కడాన్ని మాత్రమే చదివి, వదలడాన్ని పట్టించుకోని కోడ్ నాది. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను మద్దెల ఓటిదని తెలిసీ ఆడేవాళ్ళ కాలును తప్పుపట్టాను. ఎందుకు? అంతమంది ముందు, అందులోనూ మా అమ్మ ముందు, ఒక్క నిమిషం చిన్నబోవడం ఇష్టంలేక. అంతేనా? ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో, దొరకలేదు.

ఈ ఏడాది ఆ మిడి భాగమంతా తిరగరాశాను. ఆనాటి ఆవిడ వాయింపు, కీలు నొక్కడం, వదలడం సహా, ఇంకా నా లాప్‌టాప్‌లో రికార్డై ఉంది. దాన్నే పెట్టి చూశాను. ఆవిడ చేతులు ఆగినచోట డ్రమ్స్ ఆగాయి. కదలగానే కలిశాయి. చరణం తర్వాత చరణం, ఒక్క దెబ్బ తప్పలేదు! ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను, సగం సంతోషంతోనే. ఆవిడ ఎంత గొప్పగా వాయించారో అప్పటిగ్గానీ వినలేదు నేను.

మొన్న ఆదివారం చర్చిలో అదే వినిపించాను. ఎవరి వాయింపో రెండో చరణానికే ముసలమ్మలు పోల్చుకున్నారు. పాట అయ్యాక మైకు అందుకున్నాను. ఆ రోజు తప్పు నాది, నాకు తెలిసే అబద్ధమాడాను అని చెప్పేశాను. సంఘమంతా వెనక్కి తిరిగి, చివరి బెంచీలో ఉన్న సుగుణమ్మ గారి వైపు చూసి చప్పట్లు కొట్టింది. అంత ఆనందం నా సాఫ్ట్‌వేర్ ఏనాడూ ఇవ్వలేదు.

క్షమించారా? ఆవిడ అనలేదు, నేను అడగలేదు. "ఆరేళ్ళు పట్టిందా అమ్మా?" అన్నారంతే. కానీ ఆవిడ చెయ్యి తప్పలేదని ఇప్పుడు మా సంఘమంతటికీ తెలుసు. చెప్పింది నేనే.