శనివారం తగిలే దెబ్బలు

సౌదీలోని జుబైల్‌లో, ప్లాంటు కూలీల క్యాంపులో నేను హాజరూ ప్రమాదాలూ రాసే టైమ్‌కీపర్‌ని. శుక్రవారం సెలవు కనుక ఆ సాయంత్రాలు మాత్రం కబడ్డీ కోచ్‌ని. బీకాం చదివినవాడికి అన్నీ వస్తాయని మావాళ్ళకో నమ్మకం ఉండేది. దాన్ని చెడగొట్టేంత నిజాయితీ నాకు లేకపోయింది.

యుద్ధం అప్పుడే ముగిసింది. సైరన్లు ఆగాయి గానీ కువైట్‌లో నూనెబావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. ఉత్తరపు గాలి తిరిగిన రోజున ఆరేసిన బనీన్లు నల్లబడేవి. ఆ మసిలోనే బ్యారక్‌ల వెనక ఇసుకలో సున్నంతో గీతలు గీసుకుని ఆడేవాళ్ళం. క్షిపణులు వస్తున్న రోజుల్లోనూ ఒకటి రెండు ఆటలు ఆడాం. గ్యాస్ మాస్కులు ఆఫీసువాళ్ళకే ఇచ్చారు కనుక కూతకు వెళ్ళేవాడికి అడ్డమేమీ ఉండేది కాదు.

ఆట చూడటానికి ఒక అమెరికన్ వచ్చేవాడు. ప్లాంటులో సేఫ్టీ అధికారి. అంతకు ముందు వాళ్ళ దేశంలో జీతానికి ఫుట్‌బాల్ కోచ్. వాళ్ళ ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడి మీద మిగతావాళ్ళు పడతారు. బంతి తీసేస్తే అది మీ ఆటే అన్నాడు. మడత కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చునేవాడు. గెలిచిన ఆటల ఊసే ఎత్తేవాడు కాదు. తన ఆటగాళ్ళందరూ ఆయనకు కీళ్ళతోనే గుర్తు: భుజం జారినవాడు, మడమ విరిగినవాడు. ఒకడికి నొప్పి తెలియకుండా మోకాట్లో సూది వేయించి మరీ ఆటలోకి దింపాడట. వాడిప్పుడు మెట్లు ఎక్కలేడట.

“నొప్పిగా ఉందా అని ఆటగాణ్ణి అడగకు, లేదనే అంటాడు. నువ్వే చూడు” అనేవాడు. నేను తలూపేవాణ్ణి. తలూపడం టైమ్‌కీపర్ పనిలో భాగం.

మా జట్టుకు కూతంటే ఒక్కడే. జగిత్యాల వైపు మనిషి. ప్లాంటులో ఇనుపగొట్టాలతో మంచెలు కట్టే పని. నలుగురు మీద పడ్డా ఎలాగో ఒక వేలు గీతకు తగిలించేవాడు. ఆ శుక్రవారం పాకిస్తానీ పంజాబీల జట్టుతో ఆట. వాళ్ళ రూల్స్ వేరు, మావి వేరు. ఏ వారం ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ రూల్స్. గీతకు బారెడు దూరంలో ఒక వెల్డర్ అతని కాలు పట్టుకుని తిప్పాడు. మావాడు లేచి కుంటుతూ వచ్చాడు.

“ఏం గాలే సారూ. జర మెలిక వడ్డది, గంతే.”

“గిది మోకాలా, సొరకాయనా?” అన్నాడు పక్కవాడు.

అమెరికన్ వంగి చూశాడు. “ఐస్ పెట్టండి. రేపు పనికి పంపకు” అని నాతో చెప్పి కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

పంపకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియదు. పనిలో తగిలిన దెబ్బకు కంపెనీ వైద్యం చేయిస్తుంది. ఆటలో తగిలితే ఖురూజ్, అంటే పాస్‌పోర్టు మీద ఆఖరి ముద్ర, ఇంటికి విమానం. అందుకని మా క్యాంపులో శుక్రవారం ఎవరికీ దెబ్బలు తగలవు. శనివారం తగులుతాయి.

“తోలేస్తరా సారూ? ఊర్ల పనుంటే ఈడికెందుకొస్తుంటి?”

“రేపు పొద్దున నిచ్చెన మొదటి మెట్టు ఎక్కు. అక్కడే కూలబడి గట్టిగా అరిచెయ్. మిగతాది నేను రాసుకుంటాను.”

“అరుసుడైతే వస్తది సారూ. కూతే గద.”

అందరం నవ్వాం. ఆ సాయంత్రమే ప్రమాదం ఫారం నింపేశాను. ప్రమాదం జరిగిన నిమిషం ఒక్కటే ఖాళీ వదిలాను.

శనివారం పొద్దున ఫోర్‌మన్ నిచ్చెన పక్కనే నిలబడ్డాడు. అతని కళ్ళెదుట మొదటి మెట్టు మీద కూలబడటానికి మనసు రాలేదేమో, మావాడు ఎక్కుతూ పోయాడు. రెండో అంతస్తు దగ్గర మోకాలు పట్టు తప్పింది. పడేటప్పుడు అరవలేదట.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి అమెరికన్ వచ్చి నా ఫారం చదివాడు.

“ఎక్కమని నువ్వు చెప్పావా?”

“లేదు.”

నన్ను కాసేపు చూసి, సంతకం పెట్టాడు. పనిలో జరిగిన ప్రమాదమే అయింది. తరవాత డాక్టరు మాట చెప్పాడు. నిన్నటి మెలిక నెలన్నర విశ్రాంతితో సర్దుకునేదట. ఎముక చితికింది మాత్రం ఇవాళ. కాలు ఇక వంగదు.

“అతనికి ఎవరు చెప్తారు? నువ్వా, నేనా?”

“నేనే చెప్తాను” అన్నాను. ఆ తరవాత ఆయన ఆటకు రాలేదు.

రెండు నెలలు వైద్యం జరిగింది, జీతం వచ్చింది, ఆపైన ఖురూజ్ వచ్చింది. వంగని కాలితో మంచెలు ఎవరు కట్టనిస్తారు? ఆసుపత్రికి ప్రతి వారం వెళ్ళాను. పళ్ళు పట్టుకెళ్ళాను, జోకులు పట్టుకెళ్ళాను. డాక్టరు చెప్పిన మాట మాత్రం పట్టుకెళ్ళలేదు. వెళ్ళేరోజు వ్యాన్ దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు గా ఉపాయం చెప్పకుంటే తెల్లారే తోలేటోళ్ళు సారూ. మీ పుణ్యాన రెండు నెలలు కూసున్న కాడికే అన్నమొచ్చింది.”

చెయ్యి విడిపించుకుని అతని సంచి వ్యాన్‌లో పెట్టాను.

“ఇప్పుడు కూతకు ఎవల్ని తోలుతున్రు?”

“ప్లంబర్‌ని.”

“ఆని ఎడమకాలు జర కమ్జోరు సారూ. చూసి పంపుండ్రి.”

“చూస్తాను” అన్నాను. అతని చేతికర్ర లోపలికి అందించాను. వ్యాన్ తలుపు నేనే మూశాను.