జురాంగ్ వెస్ట్‌లో ఊగిన ఆఫీసు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చోగలిగిన ప్రతి వాళ్ళనీ ఎవరో ఒకరు విమానం ఎక్కించేవారు. నన్నూ ఎక్కించారు. సింగపూర్‌లో అద్దాల మేడలో నాకో కుర్చీ వేశారని ఒంగోలంతా చెప్పుకుని మరీ వచ్చాను. తీరా వచ్చాక నా కుర్చీ ఉన్నది జురాంగ్ వెస్ట్‌లో, ఒక ఫ్యాక్టరీ ఆవరణలో నిలిపి ఉంచిన ట్రైలర్‌లో! కారు వెనక తగిలించుకుని జనం షికారుకు తీసుకుపోయే రెండు చక్రాల రేకు ఇల్లు అది (దాన్ని లాగే కారును మాత్రం నేనెప్పుడూ చూడలేదు). ఫ్యాక్టరీ గోదాముకు మేం ప్రోగ్రాం రాయాలి, లోపల మాకు చోటు లేదు, అందుకని ఈ ఏర్పాటు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండదు? ఒకరు లేచినా ఊగేది, ఒకరు తుమ్మినా ఊగేది. తెర మీద అక్షరాలు చూస్తూంటే కడుపులో తిప్పేది. ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి ఉండడంతో ఏసీ నీళ్ళు బయటికి పోకుండా సరిగ్గా నా నెత్తి మీదే పడేవి. గొడుగు వేసుకుని ప్రోగ్రాం రాసిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను. మా తెలుగు మేనేజరుగారికి రోజూ చెప్పేదాన్ని. ఆయన రోజూ "త్వరలో చూద్దామమ్మా" అనేవారు. మేం ఆయనకు త్వరలోగారు అని పేరు పెట్టుకున్నాం. నన్ను పరీక్షగా పెట్టుకున్న మూడు నెలలూ అయిపోవచ్చాయి. ఆయన సంతకం పెడితే నా ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే నేను ఒంగోలు బస్టాండులో. "రేపు పదింటికి ఫ్యాక్టరీ మేడమ్ ప్రోగ్రాం చూడ్డానికి వస్తారు. అది చూసే సంతకం సంగతి" అన్నారు. సరే, ఈ ఊగుడులో ఏం చూపించమంటారు అని అడిగాను. ఆయన నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, "మీరు కాస్త మెల్లగా నడిస్తే సరిపోతుంది కదమ్మా" అన్నారు.

మెల్లగా నడవాలట! నేను! ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తప్పు నా కాళ్ళది కాదు, ట్రైలర్ కాళ్ళదని నిరూపించి తీరాలనుకున్నాను. పక్క షెడ్డులో లారీలు బాగుచేసే తమిళ పెద్దాయన, మేం జాకీ అంకుల్ అనేవాళ్ళం, నేను పిలిస్తే మర్నాడు తొమ్మిదింటికే వచ్చాడు. చూసీ చూడగానే తల పట్టుకున్నాడు. చక్రాలకు అడ్డు లేదు. నాలుగు మూలలా దించాల్సిన ఇనుప కాళ్ళలో వెనకవి రెండూ మట్టిలో కూరుకుపోయాయి. మొదట చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టించాడు. లోపల నేల మీద నా స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి, ఎటు ఒరిగిందో చూసి, ఒక చక్రం ఎత్తించాడు. కాళ్ళన్నీ పైకి తిప్పేసి, వెనక వాటి కింద మందపాటి పలకలు వేయించాడు. కాళ్ళు తిప్పే హ్యాండిల్ నా చేతికిచ్చి, ముందు వైపు చూసొస్తానని వెళ్ళాడు.

అక్కణ్ణుంచి "ఎరక్కు మా! ఎరక్కు!" అని కేకేశాడు.

ఎక్కమంటున్నాడు, మనుషులెక్కితే ఊగుతుందో లేదో చూస్తాడు కాబోలు అనుకున్నాను. హ్యాండిల్ అక్కడే పడేసి, వెనక వైపున్న తలుపులోంచి ఎక్కాను. నాతో పనిచేసే, నన్ను ఆపా (అక్కా) అని పిలిచే హైదరాబాదు భాయ్ కూడా ఎక్కాడు. అప్పుడే కాఫీ కప్పుతో వచ్చిన త్వరలోగారిని "రండి సార్, ఎక్కమంటున్నారు" అని నేనే పిలిచాను. ఆయన లోపల కాలు పెట్టారో లేదో, మా ముగ్గురి బరువుకు వెనక భాగం కుంగి ముందు భాగం అమాంతం పైకి లేచింది. త్వరలోగారు జర్రున జారి నేల మీద, కాఫీ చొక్కా మీద. బయట నుంచి "ఎరక్కు! ఎరక్కు!" అని ఒకటే అరుపులు. "ఎక్కాం అంకుల్! ఇంకెక్కడికి ఎక్కాలి, టాపు మీదకా?" అని నేనూ అరిచాను. ఇక ఆగలేకపోయాను. మూడు నెలల ఏసీ నీళ్ళూ, గొడుగూ, కడుపులో తిప్పుడూ అన్నీ త్వరలోగారి మీద కుమ్మరించాను. "ఇప్పుడు చెప్పండి సార్, ఎవరు మెల్లగా నడవాలి?" భాయ్ బల్ల పట్టుకుని వేలాడుతూ, "ఆపా, కోపం తర్వాత చెయ్యి, ముందుకైతే జరుగు!" అన్నాడు.

ముగ్గురం పాక్కుంటూ ముందుకు జరిగాక ట్రైలర్ తిన్నగా అయింది. అంకుల్ పరుగున వచ్చి తనే నాలుగు కాళ్ళూ దించాడు. పదింటికి మేడమ్ వచ్చేసరికి గ్లాసులో నీళ్ళు కదల్లేదు. ప్రోగ్రాం నడిచింది. ఆవిడ "కెన్ లా, కెన్" అన్నారు, అంటే బాగానే ఉంది, పనికొస్తుంది అని. కాఫీ మరకల చొక్కాతోనే త్వరలోగారు సంతకం పెట్టి, "తప్పు నాదేనమ్మా. ముందే బాగుచేయించాల్సింది" అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

నెల తర్వాత ఓ ఆదివారం లిటిల్ ఇండియాలో లారీ దగ్గర ఎవరో "ఎరక్కు! ఎరక్కు!" అంటున్నారు. ఎవరు ఎక్కుతారా అని చూస్తే, ఎవరూ ఎక్కలేదు. బియ్యం బస్తాలు దిగాయి. నా గుండె కూడా వాటితోపాటే దిగింది. ఎరక్కు అంటే దించు! కాళ్ళు దించమంటే నేను ఎక్కానన్నమాట! సోమవారం పొద్దున్నే జాకీ అంకుల్ దగ్గరికి పోయి, ఎందుకు చెప్పలేదని ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "యూ సో ఆంగ్రీ లా, మా. హౌ టు టెల్?" అన్నాడు.

త్వరలోగారికి నిజం చెప్పేయాలని ట్రైలర్‌కు వచ్చాను. ఆ మనిషి కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని, రాయిలా నిలబడ్డ ఆ ట్రైలర్‌లో, మునివేళ్ళ మీద మెల్లగా నడుస్తున్నారు. నన్ను చూసి గోడకు ఒదిగి దారి ఇచ్చారు. చెప్పలేకపోయాను. ఇప్పుడు పాసిర్ రిస్‌లో పన్నెండో అంతస్తులో, ఏ కోపం వచ్చినా ఇల్లంతా దడదడ నడుస్తుంటాను. అప్పుడప్పుడు మధ్యలో ఆగి "ఎరక్కు మా" అని నాకు నేనే చెప్పుకుంటాను.